భోక్తగారి బీపీ

పెళ్ళాలకి మొగుళ్ళ మీద రకరకాల అనుమానాలుంటాయి. నాకున్నది గారెల అనుమానం.

మా ఆయన అనంతకృష్ణ గారు భోక్త. తద్దినం నాడు పిలిచి, కాళ్ళు కడిగి, విస్తరి ముందు కూర్చోబెట్టి భోజనం పెడతారే, ఆ బ్రాహ్మడన్నమాట. ఆయన కడుపు నిండితే పోయినవాళ్ళ కడుపు నిండినట్టు లెక్క. రాజమండ్రిలో ఇన్నీసుపేట నుంచి దానవాయిపేట దాకా ఎవరింట తద్దినమైనా ముందు ఫోను ఈయనకే వస్తుంది. సన్నగా ఉండే భోక్తలూ లేకపోలేదు. వాళ్ళు నాలుగు మెతుకులు తిని లేస్తే తద్దినం పెట్టేవాళ్ళకి తృప్తి ఉండదట. "మీ వారు కూర్చుంటే విస్తరికి నిండుదనం వస్తుందండీ" అని నాతోనే అంటారు.

పెళ్ళినాడు ఈయన ఇలా లేరు. కోనసీమ నుంచి వచ్చిన పెళ్ళివారిలో ఈయన్ని చూసి మా పిన్ని, "వాళ్ళింట్లో ఈ పిల్లాడికి అన్నం పెడతారా?" అని నా చెవిలో అడిగింది. ఆ తర్వాత ఏడాదికింత చొప్పున, చప్పుడు లేకుండా ఒళ్ళు చేరింది. అవే పంచెలు, కుచ్చిళ్ళు మాత్రం తగ్గుతూ వచ్చాయి. చూసినవాళ్ళు "కాస్త ఒళ్ళు చేశారు, కళగా ఉన్నారు" అంటే నేనూ మురిసిపోయాను. అదంతా నా చేతివంట మహిమే అనుకున్నాను.

కిందటేడు తల వెనక నొప్పి అంటుంటే డాక్టర్ ఐజాక్ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. చేతికి పట్టీ కట్టి గాలి కొట్టారు. నమ్మకం కుదరక మళ్ళీ కొట్టారు. పైది నూట డెబ్భై ఉందన్నారు. తర్వాత బరువు చూసి, మేం ఊహించని ప్రశ్న వేశారు.

"పెళ్ళినాటికి ఎంత ఉండేవారండీ?"

"యాభై రెండు కిలోలు" అన్నారు మా ఆయన. "మా వంశంలో అందరికీ వయసు వస్తే ఒళ్ళు వస్తుందండీ. అదేం జబ్బు కాదు."

"ఇప్పుడు ఎనభై తొమ్మిది. మీరు ఇలా పుట్టలేదు కదండీ, ఈ బరువంతా పెద్దయ్యాక చేరిందే. ఇలా పెరుగుతూ పోయినకొద్దీ బీపీ వచ్చే ప్రమాదం కూడా పెరుగుతుంది. కొంత తగ్గించుకున్నా మేలు కనిపిస్తుంది. ఉప్పు తగ్గించండి, నడవండి. ఈ మాత్ర రోజూ పొద్దున్న టిఫిన్ తర్వాత వేసుకోండి. ఒక్కరోజు కూడా మానకండి."

ఆయనకి అది సలహా. నాకు భయం. మా బావగారు మణిశంకర్ గారు, ఈయనకి సొంత అన్నగారు, బీపీతోనే పడిపోయారు. ఒక చెయ్యి, ఒక కాలు, మాట, మూడూ పోయాయి. వేదం చదివిన నోటికి ఇప్పుడు చెంచాతో జావ పోస్తున్నారు. మా తోటికోడలు ఆ మంచం దగ్గర కూర్చుని నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. ఈయన్ని అలా చూడటం నా వల్ల కాదు. అంతే సంగతి.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆవకాయ జాడీ అటక ఎక్కింది. అప్పడాలు, ఊరమిరపకాయలు పక్కింటికి వెళ్ళిపోయాయి. చారులో ఉప్పు వేశానో లేదో నాకే తెలియనంత వేశాను. కాకినాడలో చదువుతున్న మా అమ్మాయి శృతి బీపీ మిషన్ ఒకటి కొని పంపింది. ఇంత చేసినా అంకె దిగదే! కాస్త దిగినట్టే దిగి, వారం తిరక్కుండా మళ్ళీ పైకి పోయేది.

"ఈ మిషన్ మంచిది కాదు" అన్నారు ఈయన.

పట్టీ నా చేతికి కట్టుకుని చూశాను. నాకు సరిగ్గానే చూపించింది.

"అయితే నువ్వు నాకు కట్టేటప్పుడు బిగించి కడుతున్నావు."

కట్టుకున్న పెళ్ళాన్నే అనుమానించారు చూడండి. ఇక నేను ఊరుకుంటానా? తద్దినం నుంచి రాగానే భుజం మీద కండువా తీసుకుని వాసన చూసేదాన్ని. "ఈవేళ ఎన్ని గారెలు?" అని అడిగేదాన్ని. "రెండు" అనేవారు, ముఖం అటు తిప్పుకుని. ఎప్పుడడిగినా రెండే. పరమాన్నం అడిగితే గరిటెడు. బూరెలు అడిగితే వాళ్ళింట్లో వండలేదు. బూరెలు లేని తద్దినాలు ఊళ్ళో అన్ని ఉంటాయా అని నాకు ఒళ్ళు మండేది.

డాక్టరుగారికి మరో అనుమానం. నెలనెలా వెళ్ళినప్పుడల్లా కళ్ళద్దాల పైనుంచి చూసి, "మాత్ర రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగేవారు. "రోజూనండి" అనేవారు ఈయన. "నా చేత్తో ఇస్తానండి" అనేదాన్ని నేను. తూకంలో తేడా వచ్చిన కొట్టువాణ్ణి చూసినట్టు మా ఇద్దర్నీ చూసేవారు. బయటికొచ్చాక నాకు చిర్రెత్తుకొచ్చేది. మేం అబద్ధాలాడే మనుషుల్లా కనిపిస్తున్నామా ఆ డాక్టరుగారికి?

ఇలా ఉండగా తద్దినాల వంటకి వెళ్ళే హైమ ఒకనాడు కూరల బజారులో కనబడి, నవ్వుతూ, "మీ వారికి వడ్డించి వడ్డించి నా చెయ్యి పడిపోతోందండీ వదినగారూ" అంది. ఆవిడ మెచ్చుకోలుగానే అంది. నాకు మాత్రం దొంగ దొరికినట్టే అయింది. చేతిలో వంకాయలు అక్కడే పెట్టేసి ఇంటికొచ్చేశాను. ఆ పూట ఈయనతో మాట్లాడలేదు. అడిగితే మళ్ళీ రెండే అంటారు. కళ్ళారా చూసి పట్టుకోవాలి.

మహాలయపక్షం వచ్చింది. భోక్తలకి ఊపిరాడని రోజులివి. నిన్న తద్దినం తిన్నవాడు ఇవాళ తినకూడదంటారు గానీ, భోక్తలే దొరకని ఈ రోజుల్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. ఈయనకి పాడ్యమి నుంచి రోజూ ఎక్కడో ఒకచోట విస్తరి. అంతలో హైమకి మోకాలు వాచింది. రిటైరైన బ్యాంకు మేనేజరు వేంకటరమణ గారింట్లో, వాళ్ళ అమ్మగారి తద్దినానికి వంట చేసేవాళ్ళు కావాలని ఆవిడ నాకు కబురు చేసింది. అక్కడ భోక్త ఎవరో నాకు తెలుసు. వెంటనే ఒప్పుకున్నాను. ఈయనకి చెప్పలేదు.

తెల్లారకుండానే వెళ్ళి, స్నానం చేసి, తడిబట్ట కట్టుకుని మడివంటకి దిగాను. మడివంట రుచి చూడకూడదు. ఉప్పు చేతి అంచనాతో పడాల్సిందే. పైగా విస్తరి ముందు కూర్చున్న భోక్త వంట బాగుందనీ అనకూడదు, బాగాలేదనీ అనకూడదు. నాకు ఇంతకంటే మంచి అవకాశం దొరుకుతుందా? కందకూరలో, అరటికాయ వేపుడులో, పప్పులో చిటికెడు ఉప్పుతో సరిపెట్టేశాను. ఈయన తర్వాత తినబోయే ఇంటివాళ్ళ సంగతి అప్పుడు చూసుకోవచ్చులే అనుకున్నాను.

పదకొండు దాటాక ఈయన వచ్చారు. వంటింటి గుమ్మంలో నన్ను చూసి ఆగిపోయారు.

"నువ్వేంటి ఇక్కడ?"

"హైమకి మోకాలు వాచింది."

నన్ను పైనుంచి కిందికి చూశారు. మోకాలి మాట నమ్మలేదని తెలుస్తూనే ఉంది. వెళ్ళి హాల్లో గోడవారగా కూర్చున్నారు. నేను మూకుడు పొయ్యిమీద పెట్టి, హాలు కనబడేట్టు కాస్త జరిగాను.

పురోహితుడు శివరామకృష్ణ గారు దర్భలు సర్దుకుంటున్నారు. అంతలో వేంకటరమణ గారి భార్య వచ్చి, "మా వారికి గుండెకి స్టెంటు వేశారు కదండీ. పొద్దున్న వేసుకోవాల్సిన మాత్రలు వేసుకోనంటున్నారు. తద్దినం అయ్యేదాకా ఏదీ నోట్లో పెట్టుకోకూడదని పట్టుపట్టారు. మీరైనా చెప్పండి" అంది.

పురోహితుడు నోరు తెరిచేలోగానే మా ఆయన అందుకున్నారు. "అదేం చాదస్తమండీ? నీళ్ళకీ, పాలకీ, ఔషధానికీ దోషం లేదని పెద్దలు ఏనాడో చెప్పారు. ముందు మాత్ర వేసుకోండి. మీకేమైనా అయితే రేపు మీ అమ్మగారికి తద్దినం ఎవరు పెడతారు?"

వేంకటరమణ గారు బుద్ధిగా లోపలికెళ్ళి మాత్రలు వేసుకొచ్చారు. గారె తిరగేస్తూ నేను గర్వపడ్డాను కూడా. ఎంత చక్కగా చెప్పారు, ఎంతైనా చదువుకున్న మనిషి అనుకున్నాను.

మరి ఈయన?

గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది. భోక్తగా వెళ్ళే రోజున ఈయన పొద్దున్న కాఫీ కూడా తాగరు. నేనూ ఇవ్వను. టిఫిన్ లేదు. టిఫిన్ తర్వాత వేసుకోవాల్సిన మాత్ర ఎక్కడిది? తద్దినం తిన్న రాత్రి ఇంకో భోజనం ఉండదు, కాబట్టి రాత్రికీ లేదు. మామూలు రోజుల్లో నా చేత్తో ఇస్తూనే ఉన్నాను. కానీ ఈయనకి మామూలు రోజులు వారానికి ఎన్ని? ఈ పక్షంలో అసలు ఉన్నాయా? డాక్టరుగారు రోజూనా అని అడిగితే ఇద్దరం గుండెల మీద చెయ్యేసుకుని రోజూ అన్నాం. కాఫీ, టిఫిను లేని మడి రోజు కూడా మాత్ర వేసుకోవాల్సిన రోజేనని మాకు తట్టనే లేదు. కండువా వాసన చూసిన దాన్ని, మాత్ర సంగతి ఒక్కసారి చూసుకోలేదు.

మూకుట్లో గారెలు నల్లబడ్డాయి. తీసి అవతల పడేసి హాలు వైపు చూశాను. ఈయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తల వెనక్కి వంచి మెడ నొక్కుకుంటున్నారు.

"ఏవండీ, ఒక్కసారి ఇలా రండి" అన్నాను గుమ్మంలోంచి.

వచ్చారు. "మీ మాత్ర?" అన్నాను గొంతు తగ్గించి.

"తర్వాత."

"తర్వాతంటే ఎప్పుడు? రేపు ఇంకో ఇల్లు, ఎల్లుండి ఇంకోటి. పాడ్యమి నుంచీ వేసుకోలేదు మీరు. ఔషధానికి దోషం లేదని ఇప్పుడే కదా చెప్పారు?"

ఆయన హాలు వైపు ఒకసారి చూసి, ఇంకా మెల్లగా అన్నారు. "తద్దినం పెట్టే ఆయన వేసుకుంటే దోషం లేదు. భోక్త వేసుకుంటే జబ్బుందని తెలుస్తుంది. ఇంట్లో వేసుకుని వస్తే, పొద్దున్న ఏమైనా పుచ్చుకున్నారా అని వీళ్ళు అడిగినప్పుడు ఏం చెప్పను? జబ్బు మనిషిని విస్తరి ముందు ఎవరు కూర్చోబెడతారే? రేపటి నుంచి ఫోను మోగదు. నువ్వు వెళ్ళి గారెలు చూసుకో."

అంటే తట్టనిది నాకే. ఈయనకి తెలుసు. తెలిసే రోజూ ఎండిన నోటితో బయల్దేరుతున్నారు. నాకు కోపం వచ్చింది. దాని వెనకే ఏడుపొచ్చింది. ఈ మాట నలుగురిలో అంటే మా పొయ్యి ఆరిపోతుందని నాకూ తెలుసు. అనకపోతే ఏమవుతుందో అంతకంటే బాగా తెలుసు.

ఈయన వెళ్ళి పీట మీద కూర్చుంటే, కాళ్ళు కడగడానికి పళ్ళెం తెచ్చారు. వేంకటరమణ గారు చెంబు పట్టుకుని వంగబోతుంటే నేను గుమ్మంలో నిలబడి చెప్పేశాను.

"ఆగండి బాబుగారూ. మా ఆయనకి బీపీ ఉందండి. ఏడాది పైనే అయింది మందు మొదలుపెట్టి. ఇలా భోక్తగా వచ్చిన రోజున వేసుకోవట్లేదు. ఈవేళా వేసుకోలేదు."

ఈయన నా వైపు చూడలేదు. పళ్ళెం వైపే చూస్తున్నారు.

శివరామకృష్ణ గారు గొంతు సవరించుకున్నారు. "రోగిని భోక్తగా పిలవకూడదని ఉందిలెండి. అయితే ఆ రోజుల్లో బీపీలు ఎక్కడున్నాయి? రోగమంటే ఏ రోగం అన్నది ఆలోచించాలి..."

ఆయన మాట ఎటు కావాలంటే అటు వంగేట్టుంది. ఆ సందులోంచి మా ఆయన బయటపడొచ్చు. వేంకటరమణ గారు పురోహితుడి వైపు చూడకుండా ఈయన వైపే తిరిగారు.

"మీరే చెప్పండి. మా అమ్మ విస్తరి ఇది. మిమ్మల్ని నమ్మి పిలిచాను."

ఈయన ఏదో ఒకటి చెప్పి కూర్చుంటారనే అనుకున్నాను. ఇన్నాళ్ళూ గారెల లెక్క చెప్పినట్టే ఇదీ చెబుతారనుకున్నాను.

"జబ్బుందని దాచి కూర్చోవడం తప్పండి" అన్నారు. "అది నాకు తెలుసు."

"అంటే కిందటేడు మా ఇంట్లో కూర్చున్నప్పుడు కూడా?"

"కిందటేడు కూడానండి."

వేంకటరమణ గారి ముఖం వాడిపోయింది. చేతిలో చెంబు కింద పెట్టారు. అరవై దాటిన మనిషి, చిన్నపిల్లాడిలా అడిగారు. "మరి మా అమ్మకి అందిందంటారా?"

"అందిందండి. నేను కడుపు నిండా తిన్నాను. అందులో మాత్రం అబద్ధం లేదు."

మా ఆయన పీట పక్కకి జరిపి లేచారు. భోక్త లేకపోయినా తన చోట దర్భ వేసి తద్దినం కానిచ్చుకోవచ్చని పురోహితుడికి గుర్తుచేశారు. కండువా దులిపి భుజం మీద వేసుకున్నారు. నేను పొయ్యి కట్టేసి, వేంకటరమణ గారి భార్యతో, "వంటంతా అయిందండి. కూరల్లో, పప్పులో ఉప్పు లేదు. తినేటప్పుడు కలుపుకోండి" అని చెప్పాను. ఆవిడ నన్ను అదోలా చూసింది. ఎందుకు వేయలేదని అడిగే ఓపిక ఆవిడకీ లేదు, చెప్పే ఓపిక నాకూ లేదు.

ఆటోలో ఇద్దరం ఆ చివరా ఈ చివరా కూర్చున్నాం. తిడతారని ఎదురు చూశాను. తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చాక నాలుగు ముద్దలు తిని, నేనిచ్చిన మాత్ర వేసుకున్నారు. సాయంత్రం డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళి ఉన్నదంతా చెప్పాను. ఆయన చాలాసేపు విన్నారు. తిట్టలేదు. "ఇంతకాలం నేను మాత్ర పనిచేయట్లేదేమో అనుకుని మోతాదు పెంచుదామనుకుంటున్నానండీ" అని మాత్రం అన్నారు. మాత్రకీ టిఫిన్‌కీ ముడిపెట్టుకోవద్దు, తిన్నా తినకపోయినా గుక్కెడు నీళ్ళతో వేసుకోవచ్చన్నారు. రోజు విడిచి రోజు అలా మానేస్తే ఎంత ప్రమాదమో చెబుతుంటే ఈయన నేల చూపులు చూశారు.

తిరిగొస్తుంటే ఈయన అడిగారు. "ఇప్పుడెలా బతుకుదామనే?"

"మీకు మంత్రం వచ్చు. తినడం మాని చెప్పడం మొదలుపెట్టండి. నేను వంటకి వెళ్తాను."

"ఉప్పు లేని వంటకి ఎవరు పిలుస్తారు?" అన్నారు. ఆ పూటంతటికీ ఆయన అన్న తేలికమాట అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. మోగదనుకున్న ఫోను. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. నిడదవోలులో లెక్చరరుగా చేసి రిటైరైన చంద్రరావు గారు. ఆవేళ వాళ్ళ నాన్నగారి తద్దినం. ఈయన స్పీకర్ పెట్టారు.

"నిన్నటి సంగతి విన్నాను. బీపీ ఎవరికి లేదండీ ఈ రోజుల్లో? నాకూ ఉంది. మాకేం అభ్యంతరం లేదు, వచ్చేయండి. ఆ మాత్ర ఒక్కటీ ఈ పూటకి మానేసి రండి, మా అక్కయ్యగారికి కాస్త పట్టింపు. భోక్తలు దొరకట్లేదు. మా నాన్నగారి విస్తరి ఖాళీగా పెట్టలేను."

ఈయన నా వైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. ఒక్క పూటే కదా అంటోంది. అప్పుడర్థమైంది నాకు. ఈయన ఏడాది పొడుగునా భయపడింది అనవసరంగానే. జబ్బుంటే పిలవరనుకున్నారు. భోక్త దొరికితే చాలనుకునేవాళ్ళకి జబ్బుతో పేచీ లేదు, మందుతోనే పేచీ. వీళ్ళకి కావలసింది విస్తరి ముందు ఒక ఒళ్ళు.

ఫోను తీసుకున్నాను.

"చంద్రరావు గారూ, నేను సీతారామలక్ష్మినండి, ఆయన భార్యని. మీ నాన్నగారి విస్తరి ముందు ఈయన కాకపోతే ఇంకెవరో ఒకరు కూర్చుంటారండి. మా ఇంట్లో ఈయన విస్తరి ఖాళీ అయితే కూర్చోడానికి ఎవరూ లేరండి."

"అలాగేనమ్మా" అని పెట్టేశారు.

ఈయన పీట మీద కూర్చుని ఉప్మా తిన్నారు. మాత్ర అరచేతిలో పెట్టాను. నోట్లో వేసుకుని నీళ్ళు తాగారు. గ్లాసు కింద పెట్టి లేవబోయారు.

"నోరు తెరవండి" అన్నాను.

నన్నొకసారి చూసి, తెరిచారు. నాలుక కింద కూడా చూశాను.